ఆన్‌లైన్ వేలంలో పాత బోటు, 21 అడుగులు, హ్యూస్టన్ యార్డు: పాడొచ్చా?

#1 ఫ్రిస్కో_శ్రీను
ఇన్సూరెన్స్ కంపెనీలు పాడైన బండ్లు అమ్మే ఒక వేలం సైట్లో బోటు కనపడింది. అప్పట్నుంచీ పని మానేసి దాని ఫొటోలే చూస్తున్నా. 2016 బౌరైడర్ (ముందు వైపు కూడా సీట్లుండే బోటు), 21 అడుగులు, 150 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (వెనక గోడకి బయట బిగించే ఇంజిన్), ట్రెయిలర్‌తో సహా. లాట్ (వేలానికి పెట్టిన సరుకు) హ్యూస్టన్ యార్డులో ఉంది. పాట ప్రస్తుతం 4,200 డాలర్ల దగ్గర ఉంది, గురువారం మధ్యాహ్నం క్లోజింగ్. ఇలాంటిదే డీలర్ దగ్గర 25 వేల పైన చెప్తున్నారు.

డ్యామేజ్ అన్నచోట "మైనర్, నీరు" అని మాత్రం రాశారు. ఫొటోల్లో పెద్దగా గీతలు కూడా లేవు, సీట్లు తళతళలాడుతున్నాయి. పిల్లలిద్దరూ లేక్ లూయిస్‌విల్, లేక్ లూయిస్‌విల్ అని ప్రాణం తీస్తున్నారు. కారు హోండా పైలట్. తెలిసినవాళ్లలో వేలంలో కార్లు కొన్నవాళ్లు ఉన్నారు గానీ బోటు అనగానే నవ్వేసి టాపిక్ మార్చేస్తున్నారు. పాడొచ్చా? పాడితే ఎంతదాకా?

#2 కరీంనగర్_పోరడు
బోటుకు నీళ్ల డ్యామేజీ ఏందన్నా? అది ఉండేదే నీళ్లల్ల గదా.

#3 మెకానిక్_మూర్తి
నవ్వులాటకి అన్నా పాయింటు అదే. నీళ్లు బయట ఉండాలి, లోపల ఉండకూడదు. కవరు లేక వాననీళ్లు అడుగున నిలిచినా "నీరు" అనే రాస్తారు, ఇంజిన్ నెత్తిదాకా మునిగినా "నీరు" అనే రాస్తారు. ఇంజిన్ తిప్పిన వీడియో ఉందా?

#4 ఫ్రిస్కో_శ్రీను
లేదు. ఇంజిన్ పరీక్షించలేదు అని ఉంది. తాళం చెవి ఉంది అని టిక్కు పెట్టారు, అంతే.

#5 హ్యూస్టన్_బాబాయ్
4,200 పాట మాత్రమే, నీ జేబులోంచి పోయేది వేరే లెక్క. ఇలాంటి సైట్లలో నేను కార్లు తీస్తుంటా కాబట్టి చెప్తున్నా. పాట 6,500 దగ్గర ఆగిందనుకో. బయ్యర్ ఫీజు స్లాబుల్లో ఉంటుంది, దానికి ఎనిమిది తొమ్మిది వందలు పక్కన పెట్టుకో. ఆన్‌లైన్‌లో పాడినందుకో ఫీజు, గేటు దాటించినందుకో ఫీజు. టెక్సస్ ట్యాక్స్ 6.25 శాతం, అది ఓ 400. గడువులోపు తియ్యకపోతే రోజుకింత అని యార్డు అద్దె. బోటు కదలకముందే ఎనిమిది వేలు దాటింది చూడు.

ఆ తర్వాత బ్యాటరీలు, ట్రెయిలర్ టైర్లు, బేరింగులు, వాటర్ పంపు ఇంపెల్లర్, ఆయిళ్లు. ఇదంతా ఏ రోగమూ లేని బోటుకే. రోగం ఉందో లేదో ఇంకా తెలీదు.

ఇంకోటి. ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ పొడిగించే సైట్లు చాలా ఉన్నాయి. చివరి సెకన్లో కొట్టేద్దాం అని కూర్చుంటే కుదరదు. నీ పైఅంకె ఎంతో ఇప్పుడే, తల చల్లగా ఉన్నప్పుడే కాగితం మీద రాసుకో.

#6 బే_ఏరియా_బద్ధకం
మొదటి వేసవి వారం వారం, రెండో వేసవి నెలకోసారి, మూడో వేసవికి బోటులో పిచ్చుకలు గూడు కడతాయి. సగంరోజు అద్దెకి తీసుకోండి, పిల్లలకి మోజు తీరుతుంది, మీకు నిద్ర పడుతుంది.

#7 ఫ్రిస్కో_శ్రీను
అద్దెవి చూశాం. శనివారాలు దొరకవు, దొరికినా మూడు గంటలు కాకముందే ఫోన్ చేసి ఎక్కడున్నారంటారు. పైగా వేలం పాడాలని సరదాగా కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

#8 టెక్సోమా_లక్ష్మి
బద్ధకం గారూ, పిచ్చుకల సంగతి మీ ఇంటికి సంబంధించింది. మా బోటు ఇప్పటికీ నీళ్లలోనే ఉంది.

శ్రీను గారూ, ఫొటోలు ఆపి కాగితాలు చూడండి. టెక్సస్‌లో బోటుకి ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డ్‌కి విడిగా ఇంకో టైటిల్. రెండూ ఇచ్చేది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంటు. ట్రెయిలర్ మళ్లీ బండి లెక్క, దానికి కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. వేలం పేజీలో "టైటిల్ ఉంది" అన్నారంటే ఈ మూడింట్లో ఏది ఉన్నట్టు? ఒక్కటి పేచీ పెట్టినా బోటు మీ ఇంటి ముందు బొమ్మలా నిలబడుతుంది, నిలబడనిచ్చేదుంటే. ఫ్రిస్కోలో మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) డ్రైవ్‌వేలో బోటు ఒప్పుకుంటుందా?

పైలట్ టూవీల్ డ్రైవైతే లాగేది 3,500 పౌండ్లు, ఆల్‌వీలైతే 5,000. ఈ సైజు బోటు ఖాళీదే మూడు వేల పౌండ్లకి అటూఇటూ. ట్రెయిలర్ ఎనిమిది వందలో వెయ్యో. 40 గ్యాలన్ల పెట్రోలు 240 పౌండ్లు. ఆపైన కూలర్, లైఫ్ జాకెట్లు, లంగరు, పులిహోర. టూవీలైతే ఈ చర్చ ఇక్కడితో ఆపేయొచ్చు.

#9 కరీంనగర్_పోరడు
పులిహోర బరువు గూడ లెక్కగట్టింది అక్క. ఇంజినీరింగ్ అంటె గిది.

#10 ఫ్రిస్కో_శ్రీను
ఆల్‌వీలే, బతికిపోయాను. హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మాత్రం పెట్టించాలి. హెచ్‌ఓఏ ఒప్పుకోదు, స్టోరేజీలో పెట్టాలి, నెలకి వంద పైమాటే చెప్తున్నారు.
లాట్ పేజీలో ఉన్నది: హల్‌కి (అంటే బోటు ఒంటికి) టెక్సస్ టైటిల్. ఇంజిన్‌కి, ట్రెయిలర్‌కి బిల్ ఆఫ్ సేల్ (అమ్మిన రసీదు).

#11 టాంపా_తెలుగోడు
శ్రీనూ, లింకు మెసేజ్‌లో పంపావు కదా, చూశాను. మూడో ఫొటో పెద్దది చేసి ముందు కుడిపక్క చూడు. రిజిస్ట్రేషన్ నంబరు స్టిక్కర్ పీకేసిన చోట రంగు తేడా తెలుస్తోంది. టెక్సస్ బోటుకి "టీఎక్స్" అని మొదలవ్వాలి. నాకక్కడ కనపడేది "ఎఫ్ఎల్", అంటే ఫ్లోరిడా. అది మా ఊరి బోటు గురూ.

మా దగ్గర ఔట్‌బోర్డ్‌లకి టైటిల్ ఉండదు. ఇంజిన్‌కి బిల్ ఆఫ్ సేల్ ఎందుకొచ్చిందో అర్థమైంది కదా. అందులో తప్పేం లేదు. అడగాల్సింది ఎప్పుడు వచ్చిందని. 2022 సెప్టెంబరులో ఇయాన్, 2024 సెప్టెంబరు 26న హెలీన్, రెండు వారాలు తిరగకుండానే అక్టోబరు 9న మిల్టన్. ప్రతి తుఫాను తర్వాత ఇక్కడ బోట్లు రోడ్ల మీద, చెట్ల మీద, పక్కింటి స్విమ్మింగ్ పూల్లో తేలాయి. అన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నావు? కడిగి, పాలిష్ పెట్టి, తుఫాను పేరు ఎవరూ ఎత్తని ఊరికి తోలేస్తారు.

కార్లకైతే టైటిల్ చరిత్ర చూసే జాతీయ డేటాబేస్ ఉంది, బోట్లు అందులోకి రావు. 2023 జులై నుంచి ఫ్లోరిడా టైటిల్ మీద "హల్ డ్యామేజ్డ్" అన్న ముద్ర వేసే చట్టం వచ్చింది. కానీ ముద్ర పడాలంటే ముందు ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి. ఇన్సూరెన్స్ లేని ఓనరు గుట్టుగా అమ్మేసుకుంటే ఎవడికి తెలుస్తుంది?

#12 ఫ్రిస్కో_శ్రీను
ఎఫ్ఎల్ నిజంగానే ఉంది! అన్నిసార్లు చూసి నేనెలా వదిలేశానో.

#13 నీళ్లంటే_భయం
నువ్వు సీట్లు చూశావు, ఆయన స్టిక్కరు చూశాడు.

#14 ఎడిసన్_ఎల్లయ్య
ఈ ఫోరంలో ఏది అడిగినా ముందు భయపెట్టడమే. ఇన్సూరెన్స్ వేలంలో తీసిన కామ్రీ మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది, చిన్న రిపేరు తప్ప ఏమీ చెయ్యలేదు. 4,200కి 150 హెచ్‌పీ ఇంజిన్, ట్రెయిలర్ వస్తున్నాయి. బోటు పనికిరాకపోయినా ఇంజిన్ విప్పి పార్టులుగా అమ్మితే డబ్బు వెనక్కొస్తుంది. శ్రీనూ, పాడేయ్.

#15 మెకానిక్_మూర్తి
ఎల్లయ్య గారూ, మీ కామ్రీ ఉప్పునీళ్లలో మునిగిందా? ఉప్పునీళ్లలో మునిగిన ఔట్‌బోర్డ్‌ని గంటల్లో బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు విప్పి నీళ్లు కక్కించి, ఆయిల్ మార్చి తిప్పితే బతికే అవకాశం ఉంటుంది. ఊరంతా కరెంటు లేకుండా ఇళ్లు వదిలి పోయినప్పుడు అది ఎవరు చేస్తారు? తీసి గాలికి వదిలేస్తే సిలిండర్ గోడలకి తుప్పు పడుతుంది, వైరింగ్ లోపల రాగి పచ్చగా మారుతుంది. పార్టులుగా అమ్మాలన్నా పార్టులు ఉండాలి కదా. కొత్త 150 పెట్టించాలంటే 15 వేల పైనే.

శ్రీనూ, వెళ్లి చూసే వీలుంటే ముందు గేర్ ఆయిల్ చూడు, నీళ్లు చేరితే రంగు మారుతుంది. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) తియ్యనిస్తే అన్ని సిలిండర్లూ ఒకదానికొకటి పది శాతం లోపు ఉండాలి. యార్డు వాళ్లు అంతదాకా రానివ్వకపోవచ్చు. ఇంజిన్ కవరు లోపలి వైపు వేలితో రాసి, ఉప్పు పొడి అంటుకుందేమో చూడు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

#16 కాకినాడ_కాజా
మాది జగన్నాథపురం అండీ. మా నాన్నగారికి మెకనైజ్డ్ బోటు ఉండేది, పాత బోట్ల బేరాలు చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. మీ తెల్లబోట్ల గురించి నాకు తెలీదు. కానీ మూర్తి గారు ఇంజిను దగ్గరే ఆగిపోయారు. ఇంజిను పోతే ఇంజిను మార్చుకుంటాం. బోటే పుచ్చిపోతే ఏం మారుస్తారండీ?

మా వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు గట్టున ఉండేది అప్పుడే, మరమ్మతులప్పుడే, బేరాలూ అప్పుడే. కొనేవాడు ఒక్కడే రాడు, వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని వస్తాడు. మేస్త్రి రంగు వంక చూడడు. చిన్న సుత్తి పట్టుకుని అడుగునుంచి పైకి జానెడు జానెడు కొట్టుకుంటూ పోతాడు. ఖంగుమంటే కర్ర బతికే ఉంది. దబ్బుమంటే లోపల పుచ్చింది. అనుమానం వచ్చిన చోట మేకు పెట్టి గుచ్చుతాడు. అది సులువుగా దిగిందంటే ఓనరు మొహం చూడాలి. ఓనరు టీ చెప్తానంటాడు, మేస్త్రి వద్దంటాడు, అందరికీ విషయం అర్థమైపోతుంది.

మీ ఫైబర్ బోట్లలో కూడా ఇంజిన్ బిగించే వెనక గోడలో ప్లైవుడ్డు ఉంటుందని విన్నాను. అక్కడ కొట్టి చూడమనండి. కాగితాల సంగతి లక్ష్మి గారు చెప్పింది ఇక్కడా అంతే. రిజిస్ట్రేషను, లైసెన్సు సరిగ్గా లేని బోటుకి సబ్సిడీ డీజిల్ రాదు. కర్ర ఎంత బాగున్నా ధర సగానికి పడిపోతుంది.

#17 టెక్సోమా_లక్ష్మి
కాజా గారు చెప్పిందే ఇక్కడ మెరీన్ సర్వేయర్లూ చేస్తారు, ప్లాస్టిక్ సుత్తి, చేతిలో తేమ కొలిచే మీటరు. అడుగుకి 20, 25 డాలర్లు తీసుకుంటారు, 21 అడుగులకి దాదాపు అయిదు వందలు. ఒక దిద్దుబాటు: అన్ని బోట్లలోనూ ప్లైవుడ్ ఉండదు, కర్ర అస్సలు వాడకుండా కట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. ఈ మోడల్ సంగతి చూడాలి. ట్రాన్సమే (ఇంజిన్ బిగించే ఆ వెనక గోడ) కాదు, నేల కింద పొడుగ్గా వెళ్లే స్ట్రింగర్లు కూడా ముఖ్యం. నేల మీద నడిస్తే ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడితో వెనక్కి వచ్చేయాలి.

#18 కరీంనగర్_పోరడు
అన్నీ మంచిగనే ఉన్నయి గని అసలు సంగతి ఎవ్వరు అడుగుతలేరు. గుడి కాడ వాహనపూజ జేపిస్తె నిమ్మకాయ ఏడ పెట్టాలె? ప్రొపెల్లర్ కిందనా?

#19 కాకినాడ_కాజా
గంగమ్మకి కొబ్బరికాయ కొట్టండి బాబూ, నిమ్మకాయ రోడ్డు మీద తిరిగే వాటికి.

#20 ఎడిసన్_ఎల్లయ్య
ట్రెయిలర్ రోడ్డు మీదే కదా తిరుగుతుంది. దానికి నిమ్మకాయలు రెండు.

#21 ఓక్లహోమా_ఓబులేసు
సామీ, మీరంతా ఇన్సూరెన్స్ లాట్ చుట్టూనే తిరుగుతాండారు. నేను ఇట్లాంటి జోలికి పోలేదు. సిటీలు, కౌంటీలు, ఫైర్ డిపార్ట్‌మెంట్లు పాత సామాను గవ్‌డీల్స్ అనే వేలం సైట్లో అమ్ముతారు. ఫెడరల్ వాళ్లవి జీఎస్ఏ ఆక్షన్స్‌లో వస్తాయి. వాటిల్లో లేక్ పెట్రోలింగ్ బోట్లు, రెస్క్యూ బోట్లు ఉంటాయి. నేను అట్లనే ఒక కౌంటీ వాళ్ల అల్యూమినియం బోటు కొన్యాను, 18 అడుగులు. చూసేదానికి పోతే ఆ షెడ్డులో మెకానిక్కే వచ్చి ఇంజిన్ తిప్పి చూపిచ్చినాడు. సర్వీసు ఎప్పుడెప్పుడు చేసింది బైండు పుస్తకంలో రాసిపెట్టినాడు. ఇంజిన్‌లో ఏం పోయిందో ఆయప్పకే తెలుసు, దాయాల్సిన పనీ లేదు. అది అమ్ముడుపోతే ఆయప్ప జీతం పెరగదు కదా.

చూసేదానికి అంత బాగుండదు. సీట్లు చినిగింటాయి, మెత్తటి సోఫాలుండవు, పిల్లోళ్లకి పాటలు పెట్టే స్పీకర్లుండవు. నడస్తాది.

#22 బే_ఏరియా_బద్ధకం
అంటే శ్రీనుకి కావాల్సిందేదీ అందులో ఉండదన్నమాట.

#23 ఓక్లహోమా_ఓబులేసు
శ్రీనుకి కావాల్సింది బోటా, సోఫానా? సోఫా అయితే ఫర్నిచర్ షాపుకి పొమ్మను.

#24 నీళ్లంటే_భయం
గవర్నమెంటు బోట్లకి గంటలు ఎక్కువుంటాయి కదా? పదేళ్లు తిరిగిన పోలీసు బోటు కంటే ఇంటిబోటు నయం కాదా?

#25 మెకానిక్_మూర్తి
గంటలు ఎక్కువ ఉండటం కంటే, ఏళ్ల తరబడి తిప్పకుండా వదిలేయడం ఇంజిన్‌కి ఎక్కువ చేటు. ట్యాంకులో ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవ ఉండి నీళ్లు విడిపోతాయి, ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. ఇంకోటి: టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి చలి గుర్తుందిగా. ఇన్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ బోట్లలో (ఇంజిన్ లోపలే ఉండేవి) నీళ్లు తియ్యకుండా వదిలేసినవాళ్ల ఇంజిన్ బ్లాకులు గడ్డకట్టి పగిలాయి. అప్పటివి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఔట్‌బోర్డ్‌ని నిటారుగా దించి ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి, ఆ బాధ తక్కువ. తక్కువ గంటలు అని ఎగిరి గంతెయ్యకండి.

#26 హ్యూస్టన్_బాబాయ్
శ్రీనూ, ఆ యార్డు మా ఇంటికి దగ్గరే. రేపు ప్రివ్యూకి వెళ్లాల్సిన పని నాకూ ఉంది, ఒక పికప్ చూడాలి. బోటు కూడా చూసొస్తా. ఏం చూడాలో అందరూ చెప్పేశారు కాబట్టి ఇంక చెప్పకండి.

#27 ఫ్రిస్కో_శ్రీను
బాబాయ్, మీకు బిర్యానీ బాకీ.

#28 టాంపా_తెలుగోడు
బాబాయ్, వెనక కుడివైపు హల్ నంబరు చూడండి. 12 అక్షరాలు, అంకెలు, చివరి రెండూ మోడల్ సంవత్సరం. పేజీలో ఉన్నదానితో సరిపోవాలి.

#29 హ్యూస్టన్_బాబాయ్
వెళ్లొచ్చా. పికప్ బాగుంది, బోటు సంగతి చెప్తా.

ఎక్కనివ్వలేదు. చుట్టూ తిరగొచ్చు, చేతికందినంత వరకు చూడొచ్చు అన్నారు. హల్ నంబరు సరిపోయింది, చివర 16. టాంపా చెప్పిన ఎఫ్ఎల్ నిజమే, వేలితో తడిమితే అక్షరాల అంచు కూడా తగుల్తోంది.

వెనకాల లాకర్ మూత ఎత్తి టార్చి కొట్టా. లోపలి గోడ మీద అడ్డంగా గోధుమరంగు గీత, మూరెడు ఎత్తులో, ఈ కొసనుంచి ఆ కొసదాకా. గీతకి పైన కార్పెట్ ఒక రంగు, కింద ఇంకో రంగు. బయటంతా పాలిష్ పెట్టినవాడు అక్కడ మూత ఎత్తలేదు. వెనక సీటు కుట్టు వేలితో విప్పదీస్తే సన్నటి ఇసుక రాలింది. తెల్లటి ఇసుక, మా గాల్వెస్టన్ ఇసుక రంగు కాదు.

కాజా చెప్పినట్టు స్క్రూడ్రైవర్ పిడితో వెనక గోడంతా కొట్టా. చుట్టుపక్కల గట్టిగానే మోగింది. ఇంజిన్ బోల్టుల దగ్గరికొచ్చేసరికి చప్పుడు చచ్చిపోయింది. మరీ కుడివైపు కింది బోల్టు దగ్గర, అక్కణ్ణుంచి తుప్పునీళ్లు కారి ఎండిన చార ఉంది.

గేర్ ఆయిల్ ప్లగ్గు విప్పనివ్వలేదు. కానీ ప్లగ్గు కింద కారిన మరక ఉంది. టిష్యూతో తుడిస్తే పాలెక్కువైన కాఫీ రంగు. ట్రెయిలర్ టైర్ల మీద 2319 అని ఉంది, అంటే 2019లో 23వ వారంలో తయారైనవి. చక్రాల లోపలి వైపు బ్రేకు లైన్లు పొరలు పొరలుగా ఊడుతున్నాయి.

నేను చూస్తుండగా ఇంకొకాయన వచ్చాడు, చేతిలో నోటుబుక్కు. బోటు వైపే చూళ్లేదు. ఇంజిన్ సీరియల్ నంబరు రాసుకున్నాడు, ట్రెయిలర్ ఇరుసు చూశాడు, వెళ్లిపోయాడు.

#30 కాకినాడ_కాజా
దబ్బుమన్న చోటే బోల్టు ఉందంటే ఇంకేం చూడక్కర్లేదండీ. ఇంజిను జోరుగా తిప్పినప్పుడు బరువంతా అక్కడే పడేది.

#31 మెకానిక్_మూర్తి
ఆ ఆయిల్ రంగుకి గేరు బాక్సులో నీళ్లున్నట్టే. సీలు ఒక్కటే పోయిందంటే చిన్న ఖర్చు. మునిగిన బోటు కాబట్టి సీలు ఒక్కటే అని నేననుకోను. ట్రాన్సమ్ విప్పి కొత్తది వేయించాలంటే షాపులో అయిదారు వేలు అడుగుతారు, ముందు ఇంజిన్ దించాలి, పైన డెక్ కోయాల్సి రావచ్చు.

#32 ఎడిసన్_ఎల్లయ్య
యూట్యూబ్‌లో చూసి ట్రాన్సమ్ సొంతంగా చేసుకున్నవాళ్లు బోలెడు మంది. ప్లైవుడ్, ఎపాక్సీ, ఫైబర్ క్లాత్. వెయ్యి డాలర్ల సామాను, నాలుగు శనాదివారాలు.

#33 టెక్సోమా_లక్ష్మి
ఎక్కడ చేస్తారు ఎల్లయ్య గారూ? ఆయన హెచ్‌ఓఏ డ్రైవ్‌వేలో బోటు నిలపనివ్వదు. స్టోరేజీ వాళ్లు ఫైబర్ కోతలు పెట్టనివ్వరు. ఆ దుమ్ము పిల్లలున్న గ్యారేజీలో వద్దు. పైగా ఒకసారి మునిగిన బోటుకి ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు సర్వే అడుగుతారు, ఆ సర్వేలో మళ్లీ ఇదే సుత్తి. మీరు చెప్పే నాలుగు శనాదివారాలు మీకు అయితే కావచ్చు, మొదటిసారి చేసే మనిషికి ఏడాది.

#34 ఎడిసన్_ఎల్లయ్య
సరే అమ్మా, న్యూజెర్సీలో గ్యారేజీలు పెద్దవి.

#35 ఫ్రిస్కో_శ్రీను
బాబాయ్, ఇంత చూస్తారనుకోలేదు. మీ రిపోర్టు ఇంట్లో చదివి వినిపించా, ఇసుక దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. పైఅంకె రాసుకోమన్నారు కదా, 3,000 అని రాశా. ట్రెయిలర్‌కి, మిగతా సామానుకి అంతకంటే ఎక్కువ రాదనిపించింది. పాట అప్పటికే దాటేసింది కాబట్టి గురువారం చూడ్డమే.

#36 ఫ్రిస్కో_శ్రీను
అయిపోయింది. 8,700! ఆఖర్లో ఇద్దరే మిగిలి వంద వంద పెంచుకుంటూ పోయారు, గడియారం అలా పొడుగవుతూనే ఉంది.

#37 ఎడిసన్_ఎల్లయ్య
చూశారా? 8,700 పెట్టినవాడు పిచ్చోడా?

#38 హ్యూస్టన్_బాబాయ్
పిచ్చోడు కాదు, నోటుబుక్కు ఆయన అయ్యుంటాడు. షెడ్డు ఉంటుంది, పనివాళ్లుంటారు, ఇంకో పాత బోటు మీంచి తీసిన మంచి ఇంజిన్ ఉంటుంది. ఆయనకి 8,700 గిట్టుబాటు. మనకి అదే బోటు 2,000కైనా ఖరీదే.

#39 టాంపా_తెలుగోడు
హల్ నంబరు దాచి పెట్టుకో శ్రీనూ. కొన్నాళ్లకి ఏదో క్లాసిఫైడ్‌లో "ఒకే ఓనరు, ఎప్పుడూ కవర్ కిందే ఉంచినది, 19 వేలు" అని వస్తుంది. అప్పుడు కొనబోయేవాడికి ఈ థ్రెడ్ పనికొస్తుంది.

#40 నీళ్లంటే_భయం
ఫొటోలో సీట్లు తళతళలాడుతూ ఉంటాయి మళ్లీ.

#41 ఫ్రిస్కో_శ్రీను
ఓబులేసు గారూ, మీ మాట పట్టుకుని గవర్నమెంటు లాట్లు వెతికా. గంట దూరంలో ఒక సిటీ వాళ్ల లేక్ పెట్రోల్ బోటు ఉంది. 19 అడుగుల అల్యూమినియం, 115 ఔట్‌బోర్డ్, 1,400 గంటలు. టైటిల్స్ హల్‌కీ, ఇంజిన్‌కీ రెండూ సిటీ పేరు మీదే. అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఇంజిన్ తిప్పి చూపిస్తామన్నారు. సీట్లు మీరు చెప్పినట్టే చినిగి ఉన్నాయి. పాట 2,900.

#42 మెకానిక్_మూర్తి
1,400 గంటలకి భయపడకు, సర్వీసు పుస్తకం అడుగు. కంప్రెషన్ గేజి తీసుకెళ్లు, వీళ్లయితే తియ్యనిస్తారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్టు నీ ముందు చెయ్యమను. ముందే వేడి చేసి పెట్టుంటే ఎందుకని అడుగు.

#43 కాకినాడ_కాజా
రేకు బోటుకి సుత్తి కాదండీ, అతుకులు చూడండి. లోపల నీళ్లు పోసి బయట ఎక్కడ చెమ్మగిల్లుతుందో చూస్తారు మావాళ్లు.

#44 టెక్సోమా_లక్ష్మి
కొంటే గుర్తుంచుకోవాల్సినవి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హెచ్‌పీ దాటిన బోటు నడపాలంటే టెక్సస్‌లో బోటర్ కోర్సు చేసి ఉండాలి. మీకు అక్కర్లేదేమో, మీ తమ్ముడికి స్టీరింగ్ ఇచ్చేముందు చూడండి. ఈ సైజు బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, ఉక్కపోత అని విప్పితే కుదరదు. లేక్ నుంచి బయటికి రాగానే డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లన్నీ వదిలెయ్యాలి. జీబ్రా మసల్స్ (ఆల్చిప్పల్లాంటి చిన్న జీవులు) ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పోకుండా చట్టమే ఉంది. మా టెక్సోమాలో 2009లో మొదలైన గొడవ అది. మళ్లీ నీళ్లలో దించేముందు ఆ ప్లగ్గు పెట్టడం మాత్రం మర్చిపోకండి. ర్యాంపు దగ్గర రోజూ ఒకరు మర్చిపోతారు, మేం కుర్చీలు వేసుకుని చూస్తుంటాం.

#45 ఫ్రిస్కో_శ్రీను
సోమవారం చూడ్డానికి వెళ్తున్నా. పైఅంకె 5,500, ఫీజులు, ట్యాక్సు కలిపే.

#46 కరీంనగర్_పోరడు
అన్నా ఒక్క డౌటు. పెట్రోలింగ్ బోటు అంటున్నరు. సైరను, నీలం లైటు గూడ ఇస్తరా?

#47 ఓక్లహోమా_ఓబులేసు
పీకేసి ఇస్తారప్పా. బొక్కలు మాత్రం మనకే, సిలికాన్ పూసుకోవల్ల.